మృగాలు గుర్తుపట్టిన ముఖం

స్కాట్లండ్ దక్షిణపు అంచున, సాల్వే సముద్రపాయకు దగ్గరగా, డంఫ్రీస్‌కూ అన్నన్‌కూ మధ్య రూత్‌వెల్ అనే పల్లె ఉంది. ఆ పల్లెలోని ప్రెస్బిటేరియన్ చర్చి లోపల ఒక రాతి సిలువ నిలబడి ఉంటుంది. 8వ శతాబ్దంలో, ఆ ప్రాంతం నార్తంబ్రియా రాజ్యంలో ఉన్నప్పుడు చెక్కింది. ఎత్తు సుమారు అయిదున్నర మీటర్లు. పల్లె చర్చిలో అంత ఎత్తు ఇమడదు. అందుకని 1887లో దాని కోసమే గోడకు ఆనించి ఒక గూడు కట్టారు, నేలను నాలుగడుగుల దాకా తవ్వి ఆ గోతిలో దాన్ని నిలిపారు. చూడాలంటే గోతి అంచున నిలబడి కాళ్ల దిగువన ఉన్న భాగాన్ని వంగి చూడాలి, పైభాగాన్ని మెడ ఎత్తి చూడాలి, పక్కల కోసం చుట్టూ తిరగాలి. ఒక్కచోట నిలబడి చూసేస్తే అయిపోయే పని కాదిది. చెక్కినవాళ్లు కోరుకున్నదీ అదే అనిపిస్తుంది.

ప్రెస్బిటేరియన్ చర్చిలో ఇలాంటిది ఉండడమే పెద్ద విశేషం. ఆ సంప్రదాయం చూపుకన్నా వినికిడిని నమ్ముకుంది. అక్కడ ప్రసంగ వేదిక, వాక్యం, ప్రభువు బల్ల ముఖ్యం. గోడలు బోసిగా ఉంటాయి. సిలువ ఉన్నా దానిమీద క్రీస్తు దేహం ఉండదు, ఖాళీ సిలువే. స్కాట్లండ్ సంఘం తన చిహ్నంగా పెట్టుకున్నది కూడా సిలువను కాదు, మోషే చూసిన మండే పొదను. మన సంఘాల్లో శ్రమల దినాలనీ తపస్సు కాలమనీ చెప్పుకునే లెంట్‌నైతే ఆ సంఘం పుట్టుకలోనే వదిలేసింది. 1560లో జాన్ నాక్స్, ఆయన తోటివారు రాసిన క్రమశిక్షణ గ్రంథం పాత ఉపవాస దినాలనూ పండుగలనూ తోసిపుచ్చింది. లేఖనాల్లో ఆధారం లేని పండుగలను కొనసాగించకూడదని 1645 నాటి వెస్ట్‌మినిస్టర్ ఆరాధన నిర్దేశిక మళ్లీ తేల్చి చెప్పింది. అలాంటి ఇంట్లో నిలబడి ఉన్న ఈ రాయి మాత్రం పైనుంచి కిందిదాకా లెంట్ ధ్యానమే.

ఆ ధ్యానం ఎలా చెక్కారో చూద్దాం. సిలువకు రెండు వెడల్పు ముఖాలు, రెండు సన్నని పక్కలు. వెడల్పు ముఖాల మీద ఒకదాని కింద ఒకటిగా పలకలు, ప్రతి పలకలో ఒక సన్నివేశం, ప్రతి పలక చుట్టూ చట్రం, చట్రం మీద చాలావరకు లాటిన్‌లో రాత. ఒక ముఖంలో అన్నిటికన్నా పెద్ద పలకలో క్రీస్తు నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి దీవిస్తూ ఎత్తి ఉంది, ఎడమచేతిలో చుట్టిన గ్రంథం. పాదాల కింద రెండు మృగాలు.

కాళ్ల కింద మృగాలున్న క్రీస్తు క్రైస్తవ చిత్రకళలో కొత్త సంగతి కాదు. ఇటలీలో రవెన్నా ఆర్చిబిషప్పు ప్రార్థనా మందిరంలోని మొజాయిక్‌లో ఆయన రోమన్ సైనికుడి దుస్తుల్లో, సిలువను ఆయుధంలా భుజాన వేసుకుని సింహాన్నీ సర్పాన్నీ తొక్కుతుంటాడు. 91వ కీర్తనలో చెప్పిన గెలుపు అది. రూత్‌వెల్ శిల్పి అదే కీర్తనను పట్టుకుని వేరే దారిన వెళ్లాడు. ఇక్కడ తొక్కడం లేదు. పాదాలు మృగాల మీద ఆనించినట్టున్నాయి. వాటి మూతులు పైకి లేచి ఉన్నాయి, లోపలి వైపు ముంగాళ్లు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. గ్రీకులో క్రీస్తు పేరు మొదలయ్యే అక్షరం ఆకారం అది, సిలువ ఆకారమూ అదే. మృగాలు తమకు తెలియకుండానే ఆయన గుర్తు వేస్తున్నాయి. చుట్టూ ఉన్న రాత సారాంశం ఇది: యేసుక్రీస్తు న్యాయం తీర్చే న్యాయాధిపతి, అరణ్యంలో మృగాలూ ఘటసర్పాలూ లోకరక్షకుణ్ణి గుర్తుపట్టాయి.

లెంట్ నలభై దినాలకు మూలం యేసు అరణ్యంలో ఉపవాసమున్న నలభై దినాలే. సాతాను వచ్చి శోధించినప్పుడు వాడు ఆయన ముందు వల్లించింది కూడా 91వ కీర్తనలోని మాటలే. పాశ్చాత్య సంఘంలో లెంట్ మొదటి ఆదివారం ఆ శోధన సువార్తనే చదివేవారు, ఆ కీర్తననే పాడేవారు. శిల్పికి సాతానును చెక్కే వీలుంది. రాయినీ దేవాలయ శిఖరాన్నీ చూపించవచ్చు, పోరాటం చూపించవచ్చు. ఆయన అవన్నీ వదిలేశాడు. అరణ్యంలో యేసు అడవి మృగాలతో ఉన్నాడని మార్కు సువార్త ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. శిల్పి ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగాడు. శోధకుడు గుర్తించని ఆయనను, లేక గుర్తించి కూడా లొంగని ఆయనను, మృగాలు గుర్తుపట్టి లొంగాయి. లెంట్ మీద నేను చదివినవాటిలో ఇంత చిన్న చోటులో ఇంత స్పష్టంగా చెప్పినది మరొకటి లేదు.

ఈ గుర్తుపట్టడమే సిలువ మొత్తానికి దారం. మృగాల పలక కింద ఎడారి తపస్వులు పౌలు, ఆంథోనీ రొట్టె విరుస్తున్నారు. జెరోము రాసిన పౌలు చరిత్రలోని కథ ఇది. వృద్ధ తపస్వి పౌలును చూడడానికి ఆంథోనీ వస్తాడు, కాకి ఆ రోజు అరరొట్టె బదులు పూర్తి రొట్టె తెస్తుంది, నువ్వు విరువు అంటే నువ్వు విరువు అని ఇద్దరూ ఒకరి గౌరవం ఒకరు కాపాడుతూ సాయంత్రం చేస్తారు. చివరికి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని లాగుతారు. శిల్పి ఆ లాగే క్షణాన్నే ఎంచుకున్నాడు. గుండ్రటి రొట్టె ఇద్దరి మధ్య ఉంది, ఎవరిది పైచెయ్యో తెలియదు. ప్రభు సంస్కారానికి ఇంతకన్నా సౌమ్యమైన బొమ్మ ఉంటుందా?

రెండో వెడల్పు ముఖంలో పెద్ద పలక పాదాలు కడిగిన స్త్రీది. పాశ్చాత్య సంఘం ఆమెను మగ్దలేనే మరియగా భావించింది. లూకా 7వ అధ్యాయంలోని ఆ మాటలనే చట్రం మీద లాటిన్‌లో చెక్కారు. ఇక్కడి పనితనం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఆమె వంగి ఉంది. జుట్టు విడివిడి వెంట్రుకలుగా కాక, లావుపాటి ఒకే ప్రవాహంగా పాదాల మీదికి వచ్చింది. చెయ్యి శరీరానికి తగినట్టు లేదు, చాలా పెద్దది. కొలతలు తెలియక అలా చెక్కాడనడానికి వీల్లేదు. అదే శిల్పి క్రీస్తు వస్త్రపు మడతల్లో, నిలబడిన తీరులో కొలతల మీద ఎంత పట్టుందో చూపించాడు. ఈ పలకలో ఆ చెయ్యే కథ. పశ్చాత్తాపం ముఖంలోని భావంగా కాక చేసిన పనిగా, కడిగి తుడిచిన పనిగా కనబడాలని ఆయన నిర్ణయం. అందుకే పనిచేసే చేతికి రాయి ఎక్కువ కేటాయించాడు. శిల్పంలో అతిశయం ఎక్కడ చెయ్యాలో తెలిసిన చెయ్యి అది. లెంట్ అంటే విచారంగా కూర్చోవడమే అనుకునేవారికి ఈ పలకను చూపించాలనిపిస్తుంది.

దాని కింద పుట్టుగుడ్డివాడి స్వస్థత. యోహాను 9వ అధ్యాయం. ఆదిసంఘంలో లెంట్ అంటే ఈస్టర్‌కు బాప్తిస్మం పొందబోయేవారు సిద్ధపడే కాలం. వారిని పరీక్షించి బోధించే వారాల్లో ఈ అధ్యాయం చదివేవారు. కళ్లు తెరిపించుకున్నవాడు రక్షకుణ్ణి గుర్తుపట్టాడు, కళ్లున్న పరిసయ్యులు గుర్తుపట్టలేదు. మృగాల పలక చెప్పిన మాటనే ఈ ముఖం మనిషితో చెప్పిస్తోంది.

ఇంకా కిందికి వస్తే మరియకు గబ్రియేలు శుభవార్త. దాని కింద, అట్టడుగున, సిలువ మరణం. ఈ రెండు పలకలూ ఒకదాని కింద ఒకటి రావడం యాదృచ్ఛికం కాదు. మార్చి 25 యేసు గర్భంలో పడిన దినమనీ, ఆయన సిలువ మరణం కూడా అదే తేదీన జరిగిందనీ ఆనాటి క్రైస్తవుల నమ్మకం. మార్చి 25 సాధారణంగా లెంట్‌లోనే వస్తుంది. దేవుడు మనిషయ్యే తొలి క్షణాన్నీ మనిషిగా చనిపోయే క్షణాన్నీ శిల్పి ఒకే నిలువు గీత మీద పెట్టాడు. ఆ మరణపు పలక ఇప్పుడు బాగా అరిగిపోయింది, రూపాలు పోల్చుకోవడం కష్టం. కళ్లు కష్టపెట్టి దాన్ని వెతకాల్సిన పనిలేదు, ఎందుకంటే సిలువ మరణాన్ని శిల్పి అసలు పెట్టిన చోటు వేరే ఉంది.

అది సన్నని పక్కల్లో ఉంది. రెండు పక్కలా ఒకే ద్రాక్షతీగ పాకుతూ పైకి వెళుతుంది. ప్రతి వంపులో ఒక పక్షో జంతువో కూర్చుని పండు కొరుకుతుంటుంది. ఈ తీగ మధ్యధరా ప్రాంతపు శిల్పంలోంచి వచ్చింది, ఆకుల మధ్య మెలికలు తిరిగే జంతువుల మీది మోజు మాత్రం ఉత్తరాదిది. రెండూ ఇక్కడ ఒకటయ్యాయి. నేనే నిజమైన ద్రాక్షావల్లినని యేసు చెప్పిన మాటకు ఇది బొమ్మ. అంతేగాక ఈ రాయి చెట్టు అని కూడా తీగ గుర్తుచేస్తోంది. అది గుర్తుంచుకుంటేనే తీగ చుట్టూ అంచుల మీద ఉన్న రాత అర్థమవుతుంది.

ఆ రాత లాటిన్‌లో కాదు, రూన్ అనే ప్రాచీన ఉత్తరాది లిపిలో, పాత ఇంగ్లిషులో ఉంది. మాట్లాడుతున్నది సిలువే, క్రీస్తును మోసిన మ్రాను. నాలుగు భాగాలుగా తన అనుభవం చెబుతుంది. మొదట ఆయన ధైర్యంగా వస్త్రాలు విడిచి తనమీదికి ఎక్కబోయాడు, తాను వంగడానికి సాహసించలేదు. తర్వాత తాను బలమైన రాజును ఎత్తి పట్టుకుంది, ఇద్దరినీ కలిపి అవమానించారు, తాను రక్తంలో తడిసింది. మూడో భాగంలో దూరం నుంచి వచ్చిన కొందరు ఆయన చుట్టూ చేరారు, తాను అంతా చూసింది. చివరగా బాణాల గాయాలు, అలసిన ఆయన దేహాన్ని దించి పడుకోబెట్టడం, తలవైపు నిలబడిన వాళ్లు. క్రీస్తు ఇక్కడ బలైపోయినవాడిలా కాక, తానే నడిచి వచ్చి ఎక్కిన వీరుడిలా ఉన్నాడు. బాధంతా మ్రాను మోసింది. సేవకుడు యజమానిని కాపాడాలి, కానీ ఇక్కడ యజమాని ఆజ్ఞ కదలకుండా నిలబడమని. ఉత్తరాది యోధుల లోకంలో ఇంతకన్నా కఠినమైన విధేయత లేదు.

ఈ మాటలను ఎలా పరిచారన్నది మరో అద్భుతం. లాటిన్ రాత పలక చట్రం వెంబడి సాగిపోతుంది. రూన్‌లు అలా సాగవు. నిలువు అంచులు సన్ననివి. వాటి మీద అక్షరాలను అడ్డంగా, వరుసకు రెండో మూడో నాలుగో చొప్పున, ఒకదాని కింద ఒకటి పేర్చారు. పైఅంచు మీద మొదలుపెట్టి కుడి అంచున కిందిదాకా దిగాలి. మళ్లీ పైకి వచ్చి ఎడమ అంచున దిగాలి. ఇంకో పక్కకు నడిచి వెళ్లి అదే పని మళ్లీ చెయ్యాలి. మాట మధ్యలో విరిగిపోతుంది, ముక్కలను చదివేవాడు నోట్లో కలుపుకోవాలి. వేగంగా చదవడం ఎవరివల్లా కాదు. లెంట్ కోరే నిదానాన్ని శిల్పి అక్షరాల అమరికలోనే పెట్టేశాడని నా అభిప్రాయం. ఇక ఆ మాటలు చదువుతున్నప్పుడు కంటికి ఎదురుగా ఉండేది రక్తమో మేకులో కాదు, పండ్లు తింటున్న పక్షులు. చెవికి మరణం, కంటికి జీవం. సిలువ అర్థాన్ని ఒక వాక్యంలో కుదించకుండా రెండు ఇంద్రియాలకు విడివిడిగా అప్పగించడం చిన్న ఆలోచన కాదు.

19వ శతాబ్దం దాకా ఈ రూన్‌లను ఎవరూ సరిగా చదవలేకపోయారు. ఐస్‌లాండ్‌కు చెందిన పండితులు ఇది స్కాండినేవియా భాష అనుకుని ఏవో దానాల సంగతులూ పెళ్లి సంగతులూ ఊహించారు. 1840లో జాన్ మిచెల్ కెంబుల్ అది పాత ఇంగ్లిషు కవిత్వమని తేల్చాడు. ఈలోగా ఇటలీలోని వెర్చెల్లి పట్టణపు చర్చి గ్రంథాలయంలో 10వ శతాబ్దపు ఇంగ్లిషు రాతప్రతి ఒకటి 1822లో వెలుగులోకి వచ్చింది. అందులో సిలువ కలలో కనబడి మాట్లాడే పెద్ద కవిత ఉంది. రూత్‌వెల్ రాతి మీది మాటలు ఆ కవితలోనివేనని కెంబులే కొన్నేళ్లకు పోల్చుకున్నాడు. స్కాట్లండ్ పల్లెలోని రాయి, ఇటలీలోని తోలు పుస్తకం అలా ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి.

మరి ఇంత పనిని పగలగొట్టింది ఎవరు? ప్రెస్బిటేరియన్లే. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు. 1637 జులైలో చార్లెస్ రాజు తన ప్రార్థన పుస్తకాన్ని స్కాట్లండ్ మీద రుద్దబోతే ఎడింబరోలోని సెయింట్ జైల్స్ చర్చిలో అల్లరి రేగింది. మరుసటి ఏడు దేశం దేశమే ఆ మార్పులను ఎదిరించే నిబంధన పత్రం మీద సంతకాలు చేసింది. రాజు చేతిలో విగ్రహాలూ ఆచారాలూ అధికారానికి పనిముట్లవుతున్నాయని వాళ్లు భయపడ్డారు, ఆ భయానికి ఆధారం ఉంది. 1640లో అబర్దీన్‌లో కూడిన ఆ సంఘపు జనరల్ అసెంబ్లీ విగ్రహారాధనకు చెందిన కట్టడాలను పడగొట్టాలని తీర్మానించింది. 1642లో సెయింట్ ఆండ్రూస్‌లో కూడిన అసెంబ్లీ రూత్‌వెల్ చర్చిలోని కట్టడాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. సిలువ పడింది, ముక్కలైంది. కొన్ని ముక్కలు చాలాకాలం చర్చిలోనే బెంచీలుగా ఉన్నాయి, తర్వాత ఆవరణలోకి చేరాయి.

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఒకటుంది. వాక్యాన్నే ప్రేమించిన సంఘం అది. వాళ్లు పడగొట్టిన పలకల చట్రాల మీద ఉన్నవి చాలావరకు సువార్త మాటలే, లూకావీ యోహానువీ. ఈ సిలువ మీద బొమ్మ ఒంటరిగా ఉండడం అరుదు, దాదాపు ప్రతి బొమ్మ చుట్టూ మాట కంచెలా ఉంది. ప్రెస్బిటేరియన్ మనసుకు ఇంత దగ్గరగా వచ్చే శిల్పం మరొకటి దొరకడం కష్టం.

దాన్ని తిరిగి నిలబెట్టింది కూడా ప్రెస్బిటేరియన్ కాపరే. 1799లో రూత్‌వెల్‌కు వచ్చిన హెన్రీ డంకన్ పేదల సొమ్ము దాచుకోవడానికి 1810లో అక్కడే సేవింగ్స్ బ్యాంకు తెరిచాడు. ఆ తరహా బ్యాంకులకు అది మొదటిదిగా పేరుపొందింది. కార్న్‌కాకిల్ గనుల రాళ్లలో ఉన్న ప్రాచీన జంతువుల అడుగుజాడలను శాస్త్రలోకానికి తెలియజేసింది కూడా ఆయనే. రాయి మీది గుర్తులను నిర్లక్ష్యం చెయ్యలేని స్వభావం ఆయనది. ఆవరణలోనూ చుట్టుపక్కలా పడి ఉన్న ముక్కలను ఏరాడు. సమాధి తవ్వుతుండగా బయటపడిన ముక్క కూడా వాటిలో చేరింది. 1823లో కాపరి ఇంటి తోటలో సిలువను నిలబెట్టాడు. పొరపాట్లు లేకపోలేదు. శిఖరపు ముక్క వెనకది ముందుకు వచ్చేలా కూర్చుంది. అసలు అడ్డుచేతులు దొరకలేదు, డంకన్ తన ఊహతో కొత్తవి చెక్కించి పెట్టించాడు.

ఆ కొత్త అడ్డుచేతుల పని పాతదాని పక్కన తేలిపోతుంది. చెక్కడం శుభ్రంగా ఉంది, రాతి కింద ఆలోచన మాత్రం లేదు. పాత పలకలో ప్రతి అంగుళానికీ ఒక కారణం కనబడుతుంది, ఇక్కడ ఖాళీ నింపిన అలంకారం కనబడుతుంది. అక్కడికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, ఇంగ్లండ్ వైపు బ్యూకాసిల్ చర్చి ఆవరణలో దీని తోబుట్టువు ఉంది. అక్కడా మృగాల మీద నిలబడిన క్రీస్తే, అదే ద్రాక్షతీగ. దానికి తల లేదు, ఎవరూ కొత్తది పెట్టలేదు. శుద్ధమైన పురాతత్వ దృష్టికి బ్యూకాసిల్ పద్ధతే సరైనది.

అయినా రూత్‌వెల్ అడ్డుచేతులను తీసేయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అవి లేకపోతే ఇది చెక్కడాల స్తంభం, అవి ఉన్నాయి గనకే సిలువ. ఒకప్పుడు దీన్ని పడగొట్టమన్న సంఘానికి చెందిన కాపరి దీన్ని మళ్లీ సిలువగానే నిలపాలనుకున్నాడు. అదే సంఘం లెంట్ విషయంలోనూ మెల్లగా మనసు మార్చుకుంది. స్కాట్లండ్ సంఘం 1940లో ప్రచురించిన ఆరాధన క్రమం క్రైస్తవ సంవత్సరానికి తగిన ప్రార్థనలను చేర్చుకుంది. అమెరికా ప్రెస్బిటేరియన్ల 1993 నాటి పుస్తకంలో భస్మ బుధవారం క్రమం కూడా ఉంది. నేడు చాలా ప్రెస్బిటేరియన్ చర్చిల్లో శ్రమల దినాల్లో సిలువను ముందుకు తెచ్చి, ఊదా వస్త్రం కప్పి, వాక్యం ధ్యానిస్తారు. అలాంటి సంఘం ఏదైనా రూత్‌వెల్‌ను తన ప్రసంగాలకు క్రమంగా తీసుకోవచ్చు. మొదటి ఆదివారం మృగాల దగ్గర మొదలుపెట్టి, రొట్టె విరిచే తపస్వుల మీదుగా, పెద్ద చెయ్యి ఉన్న స్త్రీ దగ్గరికీ గుడ్డివాడి దగ్గరికీ వెళ్లి, గుడ్ ఫ్రైడే నాటికి సన్నని పక్కకు తిరిగి మ్రాను చెప్పే సాక్ష్యం వినవచ్చు. నలభై దినాలకు సరిపడా వాక్యం ఆ రాతి మీదే ఉంది, పుస్తకం తెరవాల్సిన పని కూడా లేదు.